భుజం ఎత్తు గోడ

మన స్థలంలో మన ఇటుకతో మనం కట్టుకునే గోడ మీద ఇంకొకరి పెత్తనం ఏమిటని అందరూ అనుకుంటారు, కట్టేదాకా. ఆ వార్డులో గోడకి ఉన్నన్ని కట్టుబాట్లు బడిపిల్లలకి కూడా ఉండవు. గేటు లోపలికే తెరుచుకోవాలి, రోడ్డు మీదికి తెరుచుకుంటే ఒప్పుకోరు. గోడ మీద గాజుపెంకులు గుచ్చకూడదు. చెక్కల కంచె వేస్తే నున్నటి ముఖం పక్కింటివైపు, మేకులు కనపడే ముఖం మనవైపు ఉండాలి. వాననీళ్ళు పోవడానికి అడుగున తూము వదలాలి. ఇవన్నీ ఒక ఎత్తు, మలుపు మీది ఇళ్ళ రూలు ఒక ఎత్తు. మలుపులో గోడ నాలుగడుగుల రెండంగుళాలు దాటకూడదు. దాని మీద జాలీ పెట్టకూడదు, తీగ పాకించకూడదు, చివరికి దుప్పటి కూడా ఆరేయకూడదు.

నాలుగడుగులంటే నాలుగడుగులని ఊరుకోవచ్చుగా, ఆ పైన రెండంగుళాలేమిటి? కొత్తగా ఇల్లు కట్టుకునే ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఇది. జవాబు తెలిసినవాళ్ళు టేపక్క ఇంటివైపు ఓసారి చూసి మాట మార్చేస్తారు.

టేపక్క అంటే మొదటి మలుపు ఇంట్లో ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ. మిషను ముందు కూర్చున్నా, కూరగాయలకి వెళ్ళినా మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంటుంది, అందుకని ఆ పేరు. మొహం మీద ఎవరూ అనరు, వెనకాల అందరూ అంటారు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. చెయ్యి మంచిది. ఆమె కుట్టిన బట్ట చంకల్లో పట్టేసిందని ఇంతవరకూ ఎవరూ వెనక్కి తేలేదు. నోరు మాత్రం అంత మంచిది కాదు. సాయంత్రం కాగానే మిషను మీద గుడ్డ కప్పేసి, కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు వీధులన్నీ తిరుగుతుంది. మలుపు కనపడితే చాలు, మెడలోంచి టేపు తీసి గోడకి ఆనిస్తుంది. ఆమెని ఎవరూ నియమించలేదు. గోడలు చూడాల్సిన ఉద్యోగి వార్డాఫీసులో ఒకాయన ఉన్నాడు గానీ, కుర్చీలోంచి లేవడం ఆయనకి మహా కష్టమైన పని. ఈమె చెప్పిన ఇళ్ళకి నోటీసులు పంపించి, తన ఉద్యోగం తాను చేసినట్టే లెక్క వేసుకుంటాడు.

ఆమె గేటు చప్పుడైతే ఎదురింట్లో గోల మొదలవుతుంది. ఎదురింటాయన ఒకప్పుడు బస్సు నడిపినవాడు. ఇప్పుడు క్రోటన్లు పెంచుతాడు, అదీ గోడ మీద.

"టేపు వస్తోంది, కుండీలు దించండి!" అని లోపలికి కేక వేసి, దించేలోపు ఆమె వచ్చేస్తే చేతులు కట్టుకుని నిలబడేవాడు. "గోడ కొలుచుకో చెల్లెమ్మా, అంగుళం ఎక్కువుంటే నా చెవి కోసి ఇస్తా. కుండీలు గోడ ఎలా అవుతాయమ్మా? అది తోట."

"తోట నేల మీద పెంచండి అన్నయ్యా. గోడ మీద పెరిగేది తోట కాదు, తలనొప్పి."

"ఒక్కరోజు జ్వరమొచ్చి పడుకోవచ్చు కదా తల్లీ నువ్వు!"

"మీ కుండీలు దిగాక పడుకుంటా."

కుండీలు దిగేవి. మర్నాడు మళ్ళీ ఎక్కేవి. ఇద్దరికీ ఇదో కాలక్షేపమని వీధిలో అనుకునేవారు. ఆమెకి కాలక్షేపం కాదు.

ఆ రెండంగుళాల సంగతి చెప్పాలి. ఆమె భర్త ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. నెమ్మదైన మనిషి, స్కూటరు కూడా నెమ్మదిగానే నడిపేవాడు. కొలతలు ఇవ్వడానికి ఆడవాళ్ళు వసారాలో నిలబడితే రోడ్డున పోయేవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారనీ, గోడ లేపించమనీ ఆమె చెవిలో జోరీగలా పోరింది. ఆయన సెలవురోజుల్లో తనే తాపీ పట్టి లేపాడు. ఆమె అడిగిన ఎత్తుకి లేపి, కొన్నాళ్ళు ఆగి, పైన ఇంకో రెండు వరుసలు కూడా వేశాడు. ఇవెందుకండీ అంటే, ఇటుకలు మిగిలాయోయ్ అని నవ్వేశాడు. ఆ వానాకాలం వెళ్ళకముందే ఒక సాయంత్రం ఆయన ఇంటికి వస్తూ ఆ మలుపు తిరిగాడు. గోడకి ఇటు ఆయన, అటు లారీ. ఒకరికొకరు కనపడలేదు.

తన గోడ చాటునే తాను పోయాడని వీధంతా అనుకుంది. ఆమె ముందు ఎవరూ అనలేదు గానీ, అలాంటి మాటలు చెవిన పడకుండా ఏ గోడా ఆపలేదు.

తర్వాత వార్డులో మీటింగు పెట్టారు. మలుపుల్లో గోడలు తగ్గించాలి, సరే, ఎంతకి? ఇంజనీరు మూడున్నర అన్నాడు. ఇళ్ళవాళ్ళు ఐదన్నారు. అరుపులు, చేతులు ఊపుకోవడాలు. అంతదాకా వెనక వరసలో కుక్కిన పేనులా కూర్చున్న ఆమె లేచింది.

"ఆయన స్కూటరు సీటు నేల నుంచి ఇంత," అని టేపు చాపి చూపించింది. "సీటు మీద నుంచి భుజం కుట్టు దాకా ఇంత. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన చొక్కాలు నేనే కుట్టాను. గోడ భుజం దాటకుండా ఉంటే మెడా తలా పైన ఉంటాయి. అవతలివాడికి కనపడతారు."

కూడితే నాలుగడుగుల రెండంగుళాలు వచ్చింది. అది సరైన లెక్కో కాదో ఎవరూ ఆలోచించలేదు. కాదనే మనసు ఎవరికీ రాలేదు, అంతే. అలాగే రాసేశారు. అప్పట్నుంచీ ఆ వార్డులో మలుపు మలుపుకీ గోడ ఒకే ఒక మనిషి భుజం కింద ఆగిపోతుంది. ఇంత కథ తెలిసినవాళ్ళు కూడా అక్కడితో ఆగుతారు. దాని తర్వాతది ఆమె ఒక్కతికే తెలుసు, లేదా అలా అనుకుంది.

అందరికంటే ముందు ఆమె గోడే కొట్టించారు. కొట్టిన మర్నాడు దీపాలు పెట్టే వేళకి ఆమె మిషను మీద వంగి ఉంది. తలెత్తేసరికి గోడ మీదుగా ఆయన తల, మెడ, భుజాలు వెళ్తున్నాయి. స్కూటరు వెళ్ళే వేగంతో, కుదుపు లేకుండా, ఈ కొస నుంచి ఆ కొసకి. కాలరు ఆమె కుట్టిందే, ఎడమ కొస కాస్త పైకి లేచి ఉంటుంది, ఎంత ఇస్త్రీ చేసినా కుదురుకునేది కాదు. ఆయన రోడ్డే చూస్తున్నాడు. ఇటు తిరగలేదు. ఆమె సూది వేలికి గుచ్చుకున్నా చూసుకోకుండా గేటు దగ్గరికి పరుగెత్తింది. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు.

తర్వాత మిగతా మలుపుల్లో కూడా గోడలు దిగాయి. దిగిన ప్రతిచోటా ఆయన కనపడ్డాడు. సందె వేళ ఏ మలుపు దగ్గర నిలబడినా సరే, గోడ పైన ఆ తల వచ్చేది, పోయేది. ఎప్పుడూ పక్కనుంచే. ఒక చెంప, ఒక చెవి, ఆ కాలరు. ఆమెకి భయం వేయలేదు. ఆకలి వేసినట్టుండేది. ఇవాళ కాకపోతే రేపు, ఈ మలుపులో కాకపోతే ఆ మలుపులో, ఒక్కసారి మొహం ఇటు తిప్పుతాడు కదా! ఆ గోడ అడిగింది తనేనని ఆయనకి తెలుసు. ఆయన ఒక్కసారి చూస్తే చాలు, తప్పో ఒప్పో ఆ చూపులో తేలిపోతుంది. అందుకే టేపు. కుండీ ఒకటి అడ్డం ఉంటే చెవి కనపడదు. దుప్పటి ఆరేస్తే అసలు మనిషే కనపడడు. లారీల భయంతో తిరుగుతోందని జనం అనుకున్నారు, పోనీలే అని సర్దుకున్నారు.

అలా ఏళ్ళు గడిచాయి. పెద్ద రోడ్డు వేరే వైపు నుంచి పడింది. ఈ వీధుల కొసల్లో సిమెంటు దిమ్మెలు దగ్గర దగ్గరగా పాతేశారు. కారు సంగతి దేవుడెరుగు, సైకిలు కూడా ఒంచి, ఎత్తి, అవతల దించుకోవాలి. అప్పుడిక జనం ఊరుకుంటారా? బండ్లే రాని వీధిలో బండివాడి కోసం గోడలు తగ్గించడమేమిటని అర్జీ పెట్టారు. మలుపుల్లో కూడా అందరిలాగే ఐదున్నర అడుగులు కట్టుకోనివ్వమన్నారు. నిజం చెప్పుకోవాలంటే న్యాయం వాళ్ళదే. ఆమె ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయొద్దని బతిమాలింది. బండ్లు లేవు కదండీ, మరి దేనికి, అని అడిగితే నీళ్ళు నమిలింది.

ఏమని చెబుతుంది? దిమ్మెలు పాతిన దగ్గర్నుంచీ ఆయన ఇంకా బాగా వస్తున్నాడని చెబుతుందా? ఇదివరకు తల ఒక్కటే కనపడేది. ఇప్పుడు వీధి నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి చప్పుడు కూడా తెలుస్తోంది. స్కూటరు దూరిపోవడానికి సందే లేని వీధిలో ఆ పాత ఇంజను చప్పుడు సందె వేళ సన్నగా మొదలై, గోడ పక్కనుంచి సాగి, మలుపు దగ్గర అణిగిపోతుంది. ఐదున్నర అడుగుల గోడ లేస్తే ఆ చప్పుడే మిగులుతుంది, మనిషి ఉండడు. ఆమె కంటికి కునుకు లేకుండా పోయింది.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది, కూతురు. పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. పొద్దున్నే ఎవరూ లేవకముందు వెళ్ళి, బాగా చీకటి పడ్డాక వచ్చేది. వీధివైపున్న తన గది కిటికీకి బీరువా అడ్డం పెట్టుకుంది. సెలవురోజున కూడా వసారాలో కూర్చోదు. తల్లి టేపు పట్టుకుని వీధుల వెంట తిరుగుతుంటే సిగ్గుపడుతోంది కాబోలని టేపక్క అనుకునేది. అనుకుని మనసులోనే నొచ్చుకునేది.

ఆ అర్జీ మీద మీటింగు రేపనగా కూతురు ఎన్నడూ లేనిది పగలే ఇంటికి వచ్చింది. చేతిలో కొత్త పెట్టె ఉంది.

"అమ్మా, క్లినిక్ పక్కనే గది మాట్లాడుకున్నాను. ఆదివారం వెళ్ళిపోతాను."

టేపక్క మిషను మీంచి తలెత్తింది. "ఇక్కడ నీకేం తక్కువ చేశానే చిట్టీ?"

"నువ్వేం తక్కువ చెయ్యలేదు. రేపు నువ్వు మాట్లాడితే వాళ్ళు జాలిపడి వినేస్తారు. ఆ గోడ ఇక ఎప్పటికీ లేవదు. అది లేవకపోతే నేను ఈ ఇంట్లో ఉండలేను."

"దారినపోయేవాళ్ళు చూస్తారనా? కర్టెన్లు కుట్టి వేలాడదీస్తాను. వసారా మొత్తం..."

"దారినపోయేవాళ్ళు కాదమ్మా. నాన్న."

మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది.

"నీకు కనపడతారా?" అంది టేపక్క.

"రోజూ, దీపాలు పెట్టే వేళకి. మరి నేను చీకటి పడేదాకా క్లినిక్‌లో కుర్చీలు తుడుస్తూ ఎందుకు కూర్చుంటాననుకున్నావ్?"

మొదట కలిగింది భయం కాదు, బిడ్డ మీద జాలి కూడా కాదు. అసూయ. పైకి చెప్పుకుంటే తలవంపులే గానీ, ఉన్నది అదే. ఆయన తన ఒక్కదాని కోసమే వస్తున్నాడనుకుంది ఇన్నాళ్ళూ.

"ఎలా కనపడతారు? పక్కనుంచేనా?"

"పక్కనుంచి ఎందుకు? నా వైపే తిరిగి ఉంటాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా కళ్ళార్పకుండా నన్నే చూస్తూ వెళ్తాడు. రోడ్డు చూడడమ్మా."

"నాకు ఒక్కసారి కూడా మొహం తిప్పలేదే," అంది టేపక్క, చిన్నపిల్ల ఫిర్యాదు చేసినట్టు. "కోపంగా చూస్తారా?"

"తెలీదు. అంతసేపు నేను చూడలేను."

"నిన్నెందుకు చూస్తారే అలా? ఆ గోడ అడిగింది నేను కదా. పోరు పెట్టింది నేను కదా."

కూతురు పెట్టె కింద పెట్టి నేల మీద కూర్చుంది. "పై రెండు వరుసలు నేనడిగాను. మలుపులో అబ్బాయిలు సైకిలు పెడల్ మీద నిలబడి లోపలికి చూసేవాళ్ళు. నీకు చెబితే వాళ్ళ ఇళ్ళ మీదికి పోతావని నాన్నకి చెప్పాను. అమ్మకి చెప్పకు నాన్నా అన్నాను. ఇటుకలు మిగిలాయని చెబుతాలే అన్నాడు."

"అయినా మొదట లేపమన్నది నేనే..."

"నువ్వడిగిన ఎత్తుకి నాన్న కళ్ళు గోడ మీదికి వచ్చేవమ్మా. నేను కొలిచాను, నీ టేపుతోనే. ఆ రెండు వరుసల వల్లే కనపడలేదు." ఆమె ఏడవడం లేదు, ఏనాడో ఏడ్చి అయిపోయినట్టు చెబుతోంది. "నువ్వు టేపు మెడలో వేసుకుని వీధిలోకి వెళ్ళినప్పుడల్లా నన్ను కొలవడానికి వెళ్తున్నావనిపించేది."

నాన్న నిన్ను తప్పుపట్టే మనిషి కాదని తల్లి చెప్పింది. మరి ఎందుకు చూస్తాడని కూతురు అడిగింది. ఆయన బిడ్డ క్షేమం చూసుకోవడానికే వస్తున్నాడేమో. చూడాల్సింది పెళ్ళాన్ని కాదు, కూతుర్నే అనుకున్నాడేమో. ఏదైనా సరే, ఆ చూపు కింద పిల్ల ఇన్నేళ్ళు నలిగింది, తనేమో ఆ చూపు కోసం ఊరంతా కాపలా కాసింది. పక్క గదిలో ఉన్న బిడ్డ మొహం ఒక్కనాడు సరిగ్గా చూడలేదు. తల కొట్టేసినట్టయింది ఆమెకి.

మర్నాడు మీటింగుకి జనం దండిగా వచ్చారు. టేపక్క నోటికి జవాబు చెప్పాలి కదా, ఒక్కొక్కరూ మాటలు ముందే తయారుచేసుకుని వచ్చారు. వార్డు ప్రెసిడెంటు, ముందు అక్కయ్యగారి అభ్యంతరం విందామన్నాడు.

ఆమె లేచింది. "ఐదున్నర చాలదు. ఆరు పెట్టండి."

ప్రెసిడెంటు తడబడ్డాడు. "అంటే... పెంచమంటున్నారా అమ్మా?"

"పెంచమంటున్నాను. ఐదున్నరంటే బండి మీద కూర్చున్న మనిషికి సరిపోతుంది. దిగి నిలబడితే నుదురు కనపడుతుంది. ఆరైతే కనపడదు."

ఏ మనిషి అని ఎవరూ అడగలేదు. తయారుచేసుకున్న మాటలు ఎవరి నోట్లో వాళ్ళకే ఉండిపోయాయి. ఆరడుగులు ఖాయమైంది. బయటికి వస్తుంటే ఎదురింటాయన పక్కన చేరి, గొంతు తగ్గించి అన్నాడు, "నీకు కష్టమైతే మా గోడ లేపనులే చెల్లెమ్మా. కుండీలు కూడా దించేస్తా."

"లేపండి అన్నయ్యా," అంది ఆమె. "మీదీ లేపండి, అందరివీ లేపించండి."

ఇంటికి సూటి దారి ఉన్నా చుట్టుదారి పట్టింది. సందె వేళ అయింది. ప్రతి మలుపు దగ్గరా ఆగింది, ప్రతిచోటా ఆయన వచ్చాడు, అదే చెంప, అదే చెవి. ఒకచోట ఉండబట్టలేక పైకే అనేసింది: "ఒక్కసారి ఇటు చూడండి. ఇక కుదరదు." ఆయన చూడలేదు. గోడ అయిపోయింది, తల మాయమైంది. ఆమె అక్కడే అరుగు మీద కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనన్న ఆలోచన కూడా లేకుండా ఏడ్చింది.

అందరికంటే ముందు మళ్ళీ ఆమె గోడే లేచింది. తాపీమేస్త్రి ఇటుక మీద ఇటుక పేరుస్తుంటే పక్కనే నిలబడింది. గేటుకి కూడా అంత ఎత్తు రేకు బిగించారు. సున్నం ఆరిన రోజు కూతురు పొద్దు ఉండగానే ఇంటికి వచ్చింది. కొత్త పెట్టె ఖాళీగా మంచం కిందికి చేరింది. తలస్నానం చేసి, పళ్ళెం పట్టుకుని, ఆ అమ్మాయి ఆరుబయట పీట మీద కూర్చుంది. అలా నిటారుగా కూర్చున్నప్పుడు ఆమె ఎంత పొడుగు మనిషో తల్లికి అప్పుడే తెలిసింది.

దీపాలు పెట్టే వేళకి చప్పుడు మొదలైంది. కూతురు తలెత్తలేదు, ఆమెకి వినపడుతున్నట్టు లేదు. టేపక్క కుడుతున్న అంచు ఒళ్ళో పెట్టుకుని వింది. వీధి కొస నుంచి వస్తోంది. గోడ పక్కనుంచి సాగుతోంది. ఇప్పుడు మలుపు దగ్గర అణిగిపోవాలి. అణగలేదు. గేటు ముందు నెమ్మదించింది. ఆగింది. ఇంజను ఆపిన చప్పుడు, తర్వాత స్టాండు వేసిన చప్పుడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ ఆగని మనిషి దిగాడు.

గేటు గడియ ఆమెకి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. తీస్తే ఎదురుగానే ఉంటాడు. మొహం ఇటే తిరిగి ఉంటుంది.

"ఏమైందమ్మా? ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ లేరు. నువ్వు తిను."

రేకుకి అవతల ఎవరో నిలబడి ఉన్నట్టు ఆమెకి తెలుస్తూనే ఉంది, ఎంతసేపటికీ కదలకుండా, పిలవకుండా. ఆమె లోపలికి వెళ్ళి దువ్వెన తెచ్చుకుంది. గేటుకి వీపు పెట్టి కూర్చుని, కూతురి తడి జుట్టు ఒళ్ళోకి తీసుకుని చిక్కు తీయడం మొదలుపెట్టింది.